ఏడు నెలల పాపతో హైదరాబాద్‌కి మారుతున్నాం, ఏ ఏరియా చూసుకోమంటారు?

గోదారమ్మాయి (సోమవారం, ఉదయం 10:40)

అందరికీ నమస్తే. చాన్నాళ్లుగా ఇక్కడ చదువుతున్నాను కానీ రాయడం ఇదే మొదటిసారి. ఐదేళ్లుగా పుణెలో ఉంటున్నాం. మావారికి హైదరాబాద్ నానక్‌రామ్‌గూడకి ట్రాన్స్‌ఫర్ అయ్యింది. నేను కూడా మా కంపెనీవాళ్లని బతిమాలి బేగంపేట ఆఫీసుకి మార్పించుకున్నాను. పాపకి ఏడు నెలలు. ప్రసూతి సెలవులు అయిపోయాయి, మిగిలిన సెలవులు కూడా వాడేశాను. వచ్చే నెల మొదటి వారంలో చేరాలి. మా అత్తగారు రాజమండ్రి నుంచి వచ్చి మూడు నెలలు ఉంటానన్నారు. ఆ తర్వాత ఏం చేయాలో ఇంకా తేల్చుకోలేదు.

మెయింటెనెన్స్‌తో కలిపి అద్దె 32 వేలు దాటకూడదు. డబుల్ బెడ్‌రూమ్ చాలు. కారు ఒకటే ఉంది, అది మావారు తీసుకెళ్తారు. హైదరాబాద్ అంటే పెళ్లిళ్లకి రావడం, బిర్యానీ తిని పోవడం తప్ప మాకేమీ తెలీదు. పిల్లల డాక్టరు దగ్గరుండాలి, నీళ్ల ఇబ్బంది ఉండకూడదు, సాయంత్రం పాపని ఎత్తుకుని నాలుగడుగులు వేయడానికి చోటుండాలి. మావారి ఆఫీసులో అందరూ మణికొండ, నల్లగండ్ల అంటున్నారు. మీరేమంటారు?

నల్లగండ్ల_వాసి (11:05)

ఇంకో ఆలోచన లేకుండా నల్లగండ్ల వచ్చేయండి. మా ఇద్దరు పిల్లలూ ఇక్కడే నడక నేర్చారు. హుడా లేఅవుట్‌లో రోడ్లు వెడల్పుగా ఉంటాయి, పక్కనే సెంట్రల్ యూనివర్సిటీ చెట్లు, పొద్దున లేస్తే నెమళ్ల అరుపులు. పిల్లల డాక్టర్లు, కూరగాయలు, టిఫిన్ సెంటర్లు అన్నీ దగ్గర్లోనే. మీవారికి ఆఫీసు దగ్గర. మీరు లింగంపల్లిలో ఎంఎంటీఎస్ లోకల్ రైలు ఎక్కితే నేరుగా బేగంపేటలో దిగొచ్చు. అయితే మెట్రోలా వెళ్లగానే రైలుండదు, టైంటేబుల్ చూసుకుని బయల్దేరాలి. అద్దె సంగతి ముందే చెబుతున్నా, పెద్ద గేటెడ్ కమ్యూనిటీల్లో 32కి కష్టం. విడి అపార్ట్‌మెంట్లు చూడండి.

కేపీహెచ్‌బీ_కామయ్య (11:31)

నల్లగండ్ల అన్నకి ఎవరు ఏమడిగినా జవాబు నల్లగండ్లే :)

అమ్మా, కేపీహెచ్‌బీలో, అదే కూకట్‌పల్లి హౌసింగ్ బోర్డు కాలనీలో, దొరకనిది నిశ్శబ్దం ఒక్కటే. మిగతావన్నీ ఇంటి కిందే. రైతుబజారు, మెట్రో, ఎంత రాత్రయినా తెరిచుండే మందుల షాపు. గోదావరి జిల్లాల వాళ్లు వీధికి పది ఇళ్లయినా ఉంటారు, మీ అత్తగారికి తోచకపోవడమంటూ ఉండదు. మెట్రో ఎక్కి అమీర్‌పేటలో రైలు మారితే బేగంపేట ఆ తర్వాతి స్టేషనే. లోపలి వీధుల్లో చూసుకోండి. ఫ్లోరుకో హాస్టల్ ఉన్న వీధి మాత్రం అసలు వద్దు. రాత్రి పన్నెండింటికి కుర్రాళ్లు బర్త్‌డే కేకు కోస్తారు, దాంతో పాప లేస్తుంది, పాపతో పాటు మీరూ లేస్తారు.

పొద్దుటి_కాఫీ (మధ్యాహ్నం 1:15)

మణికొండ గురించి నేను చెబుతాను. అక్కడ మూడేళ్లున్నాం, మా అమ్మాయి పుట్టింది ఆ ఇంట్లోనే. ఆఫీసుకి దగ్గరన్నది నూటికి నూరుపాళ్లు నిజం.

మాది గల్లీ చివర ఐదంతస్తుల అపార్ట్‌మెంట్. మార్చి వచ్చేసరికి బోరు ఎండిపోయేది. తెల్లవారుజామున నాలుగున్నరకి ట్యాంకర్ వచ్చేది. గల్లీలో వెనక్కి తిప్పుకోవడానికి చోటు లేక మొదట్నుంచీ రివర్స్‌లోనే రావాలి. ఆ పీ పీ శబ్దం, మధ్యలో ‘రానీ, రానీ’ అంటూ వాచ్‌మన్ కేకలు, పైపు సంపులో పెట్టగానే మోటారు మోత. రాత్రంతా ఏడ్చి అప్పుడే కన్నుమూసిన పిల్ల మళ్లీ లేచి కూర్చునేది. ఆ ట్యాంకర్ డబ్బులు మెయింటెనెన్స్‌లో ఉండవు, నెలాఖరున ఎన్ని వచ్చాయో లెక్కేసి అందరికీ పంచేవారు. ఎండాకాలంలో మాకు నెలకి నాలుగు వేల పైనే పడింది.

అక్కడ అన్ని వీధులూ ఇలాగే ఉంటాయని కాదు. జలమండలి (నగరానికి నీళ్లు సరఫరా చేసే ప్రభుత్వ సంస్థ) కనెక్షన్ ఉండి నీళ్లు సరిగ్గా వచ్చే ఇళ్లూ ఉన్నాయి. కనుక్కుని దిగండి. అది కూడా ఓనరుని అడక్కండి. ‘నీళ్లకి లోటు లేదమ్మా’ అంటాడు. అబద్ధమేం కాదు, ట్యాంకర్‌లో వచ్చేవీ నీళ్లే కదా. వాచ్‌మన్ భార్యని అడగండి, ఎదురుగా ఇస్త్రీ బండి అతన్ని అడగండి.

రిటైర్డ్_ఏఈ (3:50)

నీళ్ల ప్రస్తావన వచ్చింది కాబట్టి చెబుతున్నాను. ఇల్లు చూడ్డానికి వెళ్తే హాలు, కిచెన్ తర్వాత చూద్దురుగాని. ముందు సెల్లార్‌లోకి దిగండి. గోడల మీద మోకాలి ఎత్తునో నడుమెత్తునో మట్టిరంగు గీత కనిపిస్తే అది వరదనీళ్లు నిలిచిన ఆనవాలు. కొందరు తెలివిగా ఆ ఎత్తు వరకే కొత్త రంగు వేయిస్తారు. సగం గోడ కొత్తగా, సగం గోడ పాతగా ఉంటే అనుమానించండి. 2016 సెప్టెంబర్‌లో నిజాంపేట భండారీ లేఅవుట్‌లో అపార్ట్‌మెంట్లు నీళ్లలో చిక్కుకున్నాయి. 2020 అక్టోబర్ 13 రాత్రి కురిసిన వానకి ఊళ్లో చాలా కాలనీలు మునిగాయి. చెరువు ఉన్నచోట, నాలా పారినచోట ఇల్లు కట్టినంత మాత్రాన నీరు తన దారి మర్చిపోదు. కాలనీ పేరులో చెరువో కుంటో ఉంటే ఇంకో నలుగురిని అడగండి.

బాత్రూమ్ షవర్ చూడండి. రంధ్రాల చుట్టూ తెల్లగా ఉప్పు గడ్డకట్టి ఉంటే వచ్చేవి బోరు నీళ్లన్నమాట. చంటిపిల్లతో చివరి అంతస్తు వద్దు, మే నెలలో శ్లాబు రాత్రి పది దాకా సెగలు కక్కుతుంది.

నల్లకుంట_నాని (4:22)

ఏఈ గారూ, పేరులో కుంట ఉంటే అనుమానించాలంటే మా నల్లకుంట ఏం కావాలండీ!

అమ్మాయిగారికి మా పేట భలే నచ్చుతుంది. కూరగాయల మార్కెట్టు, శంకర మఠం, పలకరించే మనుషులు. కానీ మీవారు ఇక్కణ్ణించి నానక్‌రామ్‌గూడ వెళ్లి వచ్చేసరికి పాప పెళ్లీడుకొస్తుంది. అందుకే పట్టుబట్టను.

మోడరేటర్ (5:00)

ఫ్లాట్లు అమ్ముతామంటూ వచ్చిన పోస్టులు నాలుగు తీసేశాను. ఆవిడ అడిగింది అద్దె ఇల్లు. కోకాపేటలో నలభయ్యో అంతస్తు కాదు.

ఇద్దరు_పిల్లల_తల్లి (రాత్రి 9:48)

పిల్లలు పడుకున్నాక ఇప్పుడే చదివాను. అందరూ మీవారి ఆఫీసు దగ్గర గుంజ పాతి, దాని చుట్టూనే తిరుగుతున్నారు. ఒక్క మాట అడుగుతాను, పాప పగలంతా ఎక్కడుంటుంది?

అత్తగారు మూడు నెలలు ఉంటారు, సరే. నాలుగో నెల? డేకేరే కదా. డేకేర్‌లో వేసిన మొదటి ఏడాది పిల్లలకి ఏదో ఒకటి వస్తూనే ఉంటుంది. మధ్యాహ్నం రెండింటికి ‘పాపకి ఒళ్లు వెచ్చగా ఉందండీ, వచ్చి తీసుకెళ్తారా’ అని ఫోన్ వస్తుంది. ఆ ఫోన్ ఎవరికొస్తుంది? అది తేల్చుకుంటే ఏరియా సగం తేలినట్టే.

మాకు డేకేర్ కొండాపూర్‌లో, నా ఆఫీసు సికింద్రాబాద్‌లో ఉండేవి. ఒకరోజు జోరువానలో ఫోన్ వచ్చింది. అప్పట్నుంచి బాబుని చేతుల్లోకి తీసుకునేదాకా రెండుంబావు గంటలు పట్టింది. తీరా వెళ్తే వాడు ఆయా ఒళ్లో హాయిగా నిద్రపోతున్నాడు. నేను మాత్రం ఆటోలో దారంతా ఏడుస్తూనే ఉన్నాను. పాపం, ఆటో అతను నీళ్ల బాటిల్ ఇచ్చాడు. నెల తిరక్కుండా ఇల్లు మారాం.

గోదారమ్మాయి (10:30)

అక్కా, మీరు చెప్పింది చదివి ఫోన్ పక్కన పెట్టేసి కాసేపు అలాగే కూర్చున్నాను. ఇది మేం ఆలోచించనే లేదు. మావారికి చూపిస్తే ‘ఫోన్ నాకూ రావచ్చుగా’ అన్నారు. అంటారు లెండి.

పేరోల్_పద్మ (మంగళవారం, ఉదయం 9:10)

నేను హెచ్‌ఆర్‌లో పని చేస్తాను కాబట్టి ఇది నా సబ్జెక్టు. గోదారమ్మాయి గారూ, మీ ఆఫీసులో 50 మందికి పైగా ఉన్నారా? ప్రసూతి ప్రయోజనాల చట్టానికి 2017లో చేసిన సవరణతో వచ్చి, ఇప్పుడు సామాజిక భద్రతా కోడ్‌లో ఉన్న నియమం ప్రకారం 50 లేదా అంతకంటే ఎక్కువ మంది పనిచేసే సంస్థ క్రెష్ (ఉద్యోగుల చంటిపిల్లల్ని పగలు చూసుకునే చోటు) సదుపాయం కల్పించాలి. అది ఆఫీసులోనే ఉండాలని లేదు, నాలుగు కంపెనీలు కలిసి ఒకటి పెట్టుకున్నా సరే. తల్లి రోజుకి నాలుగుసార్లు వెళ్లి బిడ్డని చూసి రావచ్చు. విశ్రాంతి సమయంలో వెళ్లేది కూడా ఆ నాలుగులోకే వస్తుంది. బిడ్డకి 15 నెలలు వచ్చేదాకా పాలివ్వడానికి రెండు విరామాలు కూడా ఉంటాయి.

చాలామందికి తెలీదు, తెలిసినా మొహమాటపడి అడగరు. ఫోన్‌లో కాదు, మెయిల్ పెట్టండి. ‘బేగంపేట ఆఫీసుకి క్రెష్ సదుపాయం ఎక్కడుంది?’ అని ఒక్క లైను చాలు. ‘ఉందా’ అని కాదు, ‘ఎక్కడుంది’ అని అడగండి.

గోదారమ్మాయి (బుధవారం, మధ్యాహ్నం 12:20)

పద్మగారూ, మీరు చెప్పిన లైనే పెట్టాను. ఈరోజు జవాబొచ్చింది! ఆఫీసుకి రెండు వీధుల అవతల ఒక డేకేర్‌తో ఒప్పందం ఉందట, ఖర్చులో కొంత కంపెనీ భరిస్తుందట. పుణెలో ఐదేళ్లు చేశాను, ఈ సంగతి ఎవరూ చెప్పలేదు, నేనూ అడగలేదు.

అంటే పాప నాతో పాటు బేగంపేట వస్తుంది. మరి ఇప్పుడు ఏరియాల లెక్క మొత్తం మారిపోయినట్టేనా?

కేపీహెచ్‌బీ_కామయ్య (12:41)

మారిపోయింది. పొద్దున తొమ్మిదింటికి చంకలో బిడ్డతో కేపీహెచ్‌బీ నుంచి ఎక్కి అమీర్‌పేటలో రైలు మారమని నేను చెప్పను. ఆ టైంలో ఆ మెట్ల మీద ఒంటరిగా నడవడమే కష్టం. నా మాట వెనక్కి తీసుకుంటున్నా.

మెట్రో_మాధవి (1:05)

బ్లూ లైన్ మీద చూడండి. నాగోలు నుంచి రాయదుర్గం వెళ్లే లైన్. బేగంపేట దాని మీదే ఉంది. అమీర్‌పేటకి ఇవతల బేగంపేట, అవతల మధురానగర్, ఆ తర్వాత యూసఫ్‌గూడ. అంటే మధురానగర్‌లో మీరెక్కితే రైలు మారక్కర్లేదు, రెండో స్టేషన్‌లో దిగిపోతారు. మీవారు అదే స్టేషన్‌లో ఇంకోవైపు రైలెక్కితే ఎనిమిదో స్టేషన్ రాయదుర్గం. అక్కణ్ణించి నానక్‌రామ్‌గూడకి మెట్రో లేదు, ఆఫీసు షటిలో ఆటోనో చూసుకోవాలి. అప్పుడు కారు ఇంట్లో ఉంటుంది, అర్ధరాత్రి పాపకి జ్వరమొస్తే క్యాబ్ కోసం వెతుక్కోనక్కర్లేదు.

ఆ చుట్టుపక్కల మధురానగర్ కాలనీ, వెంగళరావునగర్, కల్యాణ్‌నగర్ పాత కాలనీలు. పెద్ద చెట్లున్నాయి, ఇళ్లు మరీ ఎత్తుగా ఉండవు. యూసఫ్‌గూడ కృష్ణకాంత్ పార్కు పెద్దది, సాయంత్రం చంటిపిల్లల తల్లులు చాలామంది కనిపిస్తారు. ఎర్రగడ్డ రైతుబజారు దగ్గర. అయితే పాత బిల్డింగుల్లో చాలావాటికి లిఫ్టు ఉండదు. మీ అత్తగారి మోకాళ్లు ఎలా ఉన్నాయో అడగండి ముందు.

నల్లగండ్ల_వాసి (2:30)

ఏడు నెలల పిల్లని రోజూ మెట్రోలో తిప్పుతారా? ఆ జనంలో, ఆ దగ్గుల్లో? నల్లగండ్లలో ఉండి పాపని చూసుకునే మనిషిని పెట్టుకుంటే సరిపోయేదానికి ఇంత అవసరమా?

ఇద్దరు_పిల్లల_తల్లి (2:52)

అన్నయ్యా, మనిషిని పెట్టుకుంటే ఆ మనిషిని చూసుకోవడానికి ఇంకో మనిషి కావాలి. సీసీ కెమెరా పెట్టి ఆఫీసులో కూర్చుని అదే చూస్తూ ఉన్నవాళ్లని నేనెరుగుదును. మంచివాళ్లు దొరికితే అంతకన్నా అదృష్టం లేదు. కానీ కొత్త ఊళ్లో దిగిన మొదటి నెలలోనే దొరుకుతారా?

మెట్రో_మాధవి (3:10)

మా బాబుని పది నెలలప్పట్నుంచి మెట్రోలో తీసుకెళ్లాను. ముందు పెట్టెలో ఆడవాళ్లకి కేటాయించిన భాగంలో ఎక్కుతాను. బిడ్డని చూడగానే ఎవరో ఒకరు లేస్తారు. బండి వద్దు, బిడ్డని గుండెకి కట్టుకునే క్యారియర్ కొనుక్కోండి. ప్రతి స్టేషన్‌లో లిఫ్టుంది. ఎనిమిదిన్నర లోపు ఎక్కితే హాయి, తొమ్మిది దాటితే నాకూ భయమే. వానరోజు, జలుబు చేసిన రోజు ఆటో. మధురానగర్ నుంచి బేగంపేట ఆటోకి ఆస్తులు అమ్ముకోనక్కర్లేదు, నల్లగండ్ల నుంచి అయితే చెప్పలేను.

గాలిపటం (సాయంత్రం 6:40)

గాలి గురించి ఎవరూ మాట్లాడలేదు. మేం ఫ్యాక్టరీలకి దగ్గర్లో ఒక ఏరియాలో ఏడాది ఉన్నాం. పగలు ఏమీ తెలిసేది కాదు. రాత్రి ఒంటిగంట దాటాక కిటికీలోంచి కుళ్లిన క్యాబేజీలాంటి వాసన. ఇల్లు చూడ్డానికి అందరూ పగలే వెళ్తారు కదా, అందుకే దొరికిపోతారు. నచ్చిన ఇంటి వీధిలోకి రాత్రి పదకొండుకి ఒకసారి వెళ్లి ఓ పావుగంట నిలబడండి. వాసన, ఫంక్షన్ హాలు డీజే, కుక్కలు అన్నీ తెలుస్తాయి.

సనత్‌నగర్, సెంట్రల్ యూనివర్సిటీ, జూపార్క్, బొల్లారం, పాశమైలారంలో గాలి కొలిచే కేంద్రాలున్నాయి. రీడింగ్‌లు నెట్‌లో చూడొచ్చు. వెంగళరావునగర్‌కి దగ్గర సనత్‌నగర్‌ది. ఒక్కరోజుది కాకుండా డిసెంబర్, జనవరి నెలలవి చూడండి, చలికాలంలోనే అసలు రంగు బయటపడుతుంది.

రిటైర్డ్_ఏఈ (7:15)

ఏరియా బాగానే ఉంది. వానాకాలం మైత్రీవనం దగ్గర నీళ్లు నిలుస్తాయి, ఆ రోజుల్లో ఆటో కన్నా మెట్రోనే నయం. బేగంపేటలోనే ఇల్లు తీసుకుందామని మనసు మారితే నాలాకి దూరంగా చూడండి. బ్రాహ్మణవాడి వైపు ప్రతి పెద్ద వానకీ వార్తల్లోకి వస్తుంది.

పక్కింటి_పిన్ని (గురువారం, ఉదయం 7:30)

ఏమ్మా, పాపకి తొమ్మిదో నెల టీకా రాబోతోంది కదా, మీజిల్స్‌ది. పుణెలో ఇచ్చిన టీకా కార్డు సామాన్ల లారీలో వేసేయకు, నీ హ్యాండ్‌బ్యాగ్‌లో పెట్టుకో. మా కోడలు లారీలో వేసి, ఆ పెట్టె విప్పేసరికి మూడు వారాలు పట్టింది. ప్రభుత్వ ఆరోగ్య కేంద్రాల్లో ఉచితంగా వేస్తారు, కార్డు చూపిస్తే చాలు.

ఇంకోటి, అద్దె మాట్లాడేటప్పుడే డాక్టరు కూడా తేలిపోవాలి. ఆ వీధిలో చంటిపిల్ల ఉన్న ఇంటి తలుపు కొట్టి ‘మీరెవరికి చూపిస్తారమ్మా’ అని అడుగు. ముగ్గురు ఒకే పేరు చెబితే అతనే. ఆధార్‌లో అడ్రస్ ఇక్కడికి మార్చుకో, ఆడవాళ్లకి సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో టికెట్‌కి డబ్బులక్కర్లేదు కానీ తెలంగాణ అడ్రస్ ఉన్న కార్డు చూపించాలి.

గోదారమ్మాయి (రెండు వారాల తర్వాత, ఆదివారం రాత్రి 8:55)

ఇల్లు దొరికింది! వెంగళరావునగర్. ఎలా దొరికిందో రాయకపోతే మీ అందరి రుణం తీరదు.

పాపని రాజమండ్రిలో అత్తగారి దగ్గర ఉంచి మేమిద్దరం మూడు రోజులు తిరిగాం. ఏడు ఇళ్లు చూశాం. మొదటిది కొత్త బిల్డింగ్, అద్దంలా ఉంది. మావారు అక్కడికక్కడే టోకెన్ ఇచ్చేలా ఉన్నారు. నేను సెల్లార్‌లోకి దిగాను. ఏఈ గారూ, అచ్చం మీరు చెప్పినట్టే, నడుమెత్తు దాకా కొత్త రంగు, ఆ పైన పాతది! బ్రోకర్‌ని అడిగితే ‘డిజైన్ మేడమ్’ అన్నాడు. ఇంకో ఇల్లు బాగుంది, రెండు గోడల అవతల ఫంక్షన్ హాలు. మరోచోట ‘నాన్‌వెజ్ వండకూడదు’ అన్నారు, గోదావరి వాళ్లం పులసల సీజన్‌లో ఎక్కడికి పోవాలి?

కుదిరిన ఇల్లు మొదటి అంతస్తు. లిఫ్టు లేదు, పద్దెనిమిది మెట్లు. మా అత్తగారికి ఫోన్ చేసి లెక్క చెబితే ‘మన పాత ఇంట్లో ఇరవై రెండు ఎక్కాను, పర్లేదు’ అన్నారు. అద్దె 26, మెయింటెనెన్స్ 2 వేలు, రెండు నెలల అడ్వాన్సు. జలమండలి నీళ్లు రోజు విడిచి రోజు సంపులోకి వస్తాయి, బోరు వాడకానికి. ఇస్త్రీ బండి అతను కూడా అదే చెప్పాడు. సెల్లారే లేదు కాబట్టి గీత గొడవ లేదు. వంటిల్లు మాత్రం మరీ చిన్నది, ఇద్దరు నిలబడితే మూడోవాళ్లు బయటే. వెనక బెడ్‌రూమ్‌లో పగలు కూడా లైటు వేయాలి. అద్దెలో మిగిలింది డేకేర్‌కి పోతుంది కాబట్టి సర్దుకుంటాం.

రాత్రి పదకొండుకి వెళ్లి నిలబడ్డాం కూడా. వాసన లేదు. నాలుగు కుక్కలు వచ్చాయి, కింద వాటా పెద్దావిడ కిటికీ తీసి ‘ఎవరూ?’ అంది. ఆవిడే మర్నాడు డాక్టరు పేరు చెప్పింది. ఇంకో ఇద్దరిని అడిగితే వాళ్లూ అదే పేరు చెప్పారు పిన్నిగారూ.

ఇద్దరు_పిల్లల_తల్లి (9:10)

‘ఎవరూ?’ అని కిటికీ తీసే పెద్దావిడ కింద వాటాలో ఉందంటే ఆ చీకటి బెడ్‌రూమ్‌ని క్షమించెయ్యొచ్చు.

నల్లగండ్ల_వాసి (9:25)

శుభం. కానీ అక్కడ నెమళ్లు లేవుగా.

గోదారమ్మాయి (9:31)

లేవండీ. బాల్కనీ నిండా పావురాలున్నాయి. పాప వచ్చేలోపు వల కట్టించాలి, పనిమంతులు ఎవరైనా ఉంటే చెప్పండి.

మోడరేటర్ (9:40)

పావురాలకి వేరే థ్రెడ్ ఉంది, మూడేళ్లుగా నడుస్తోంది. అక్కడికి రండి.